ఖాజాగూడ చౌరస్తాలో నా వైవా

నేను ఎమ్మే సోషియాలజీ చదువుతున్నానంటే మా వాడలో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక జాలిపడ్డారు. చుట్టూ ఎటు చూసినా అద్దాల మేడలు, వాటి నిండా కంప్యూటర్లు. ఆ మేడల నీడ పడే ఇంట్లో పుట్టిన పిల్ల పోయి పోయి సమాజం గురించి చదవడమేమిటని వాళ్ళ బాధ. మా నాన్న ఒక ఐటీ కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. బండెక్కిన ప్రతి ఇంజనీరునూ "మా బిడ్డ సోషాలజీ సార్, స్కోపుంటదా?" అని అడిగేవాడు. వాళ్ళు ఫోన్లోంచి తలెత్తకుండానే "ఉంటుందండీ" అనేవారు. మా పెద్దమ్మది మరీ సూటి ప్రశ్న. "సోషలా? గది పదో తరగతిలనే అయిపాయె గదనే. మల్ల సదువుడేంది, ఫెయిలైనవా?"

ఫెయిల్ కాలేదు. నాకు ఆ చదువు నిజంగానే నచ్చింది. మాది ఇంజనీరింగ్ కాలేజీ వెనక బ్లాకులో, క్యాంటీన్ పైన ఉన్న డిపార్ట్‌మెంటు. డిపార్ట్‌మెంటు అంటే ఒక గది, తాళం పడని ఒక బీరువా, ఒక మేడం. మధ్యాహ్నం క్లాసులో కింద వేగుతున్న మిర్చి బజ్జీల ఘాటుకు దగ్గుతూనే మేము సామాజిక స్తరీకరణ గురించి నేర్చుకునేవాళ్ళం. గ్రామం అంటే స్వయం సమృద్ధి కలిగిన చిన్న సమాజమని పుస్తకంలో ఉండేది. కిటికీలోంచి చూస్తే మా గ్రామం మీద క్రేన్లు తిరుగుతూ కనిపించేవి. ఏది చూసి రాయాలో పరీక్షలప్పుడు బాగా తెలిసేది. పుస్తకం చూసే రాసేవాళ్ళం.

చివరి సంవత్సరం ఒక ప్రాజెక్టు రాయాలి. నేను ఖాజాగూడ మీద రాశాను. నగరం మీదికొచ్చాక ఊళ్ళో కుటుంబాలు ఎలా మారాయన్నది విషయం. శీర్షిక చివర 'ఒక అధ్యయనం' అని తగిలించాను. అది లేకపోతే డిపార్ట్‌మెంటులో దేన్నీ అధ్యయనంగా ఒప్పుకోరు. మేడం మొత్తం చదివి, చాలా బాగుందని మెచ్చుకుని, తలుపు వేసి రమ్మన్నారు. ఆమె కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. గట్టిగా మాట్లాడాల్సిన సంగతుల్ని కూడా మెల్లగానే చెప్పేవారు.

"ఇదిగో అమ్మా, వైవాకి వచ్చే ఎక్స్‌టర్నల్ సార్ ముందు నీది ఖాజాగూడ అని పొరపాటున కూడా అనకు. పోయినేడు వేరే కాలేజీలో ఒకబ్బాయి సొంతూరి మీద రాశాడని మొత్తం వెనక్కి పంపించేశారు."

"సొంతూరైతే ఏమైతది మేడం?"

"ఆబ్జెక్టివిటీ ఉండదంటారు. ఇప్పుడున్న గొడవల్లో అయితే మరీనూ. భూములు పోయాయని నువ్వు రాస్తే అది సోషియాలజీ. ఆ భూములు మీవేనని తెలిస్తే అది ఉద్యమం అయిపోతుంది. మీ వాళ్ళెవరైనా దూరంగా ఎక్కడా లేరా?"

బాలానగర్‌లో మా మేనత్త ఉందని చెప్పాను. "చాలు, నీది బాలానగర్" అన్నారు. అలా మేడం ఒక్క మాటతో నన్ను మా ఊరి చెరువు పక్కనుంచి లేపి ఫ్యాక్టరీల మధ్య కూర్చోబెట్టారు.

ఆ ఎక్స్‌టర్నల్ సార్ గురించి చెప్పాలి. ఆయనది కోస్తా. రిటైర్మెంటుకు దగ్గరపడిన ప్రొఫెసర్. ఆయనకు రెండే నియమాలు. షుగరు ఉంది కాబట్టి ఒంటిగంటకు అన్నం తినాలి. పరిశోధకుడికీ పరిశోధించే మనుషులకీ మధ్య దూరం ఉండాలి. ఆయన తన డాక్టరేటు సొంత జిల్లా సాగునీటి మీదే చేశారని మేడం చెప్పారు. అది తప్పు కాదట. ఆ కాలవ కింద పొలాలు వాళ్ళవే అయినా, ఆయన ఎన్నడూ పొలంలో కాలు పెట్టలేదట. కాబట్టి దూరం దానంతటదే వచ్చేసింది.

నేను రోజూ పొద్దున్నే వైవా జవాబులు వల్లెవేసేదాన్ని. అమ్మ డ్యూటీకి పోయేముందు నా జడ వేస్తుంటే "పరిశోధకురాలికి అధ్యయన ప్రాంతంతో ఎలాంటి పూర్వ సంబంధమూ లేదు" అని గోడకు చెప్పేదాన్ని. ఒకరోజు అమ్మ జడ మధ్యలో ఆపింది.

"ఏ ఊరే అది, సంబంధం లేనిది?"

"మనూరే."

"మనూరితోని మనకు సంబంధం లేకపోవుడేంది?"

"గట్లంటెనే పాస్ చేస్తరమ్మా. నేను మీకెవలికీ తెల్వదనే అనాలె. తెలుసంటె ఇగ అంతే, ఇంటికి పంపుతరు."

అమ్మ పడీపడీ నవ్వింది. "గిదేం సదువే! సరే, గట్లనే అను. మేమేమన్న అనాల్నా?"

"మీరేం అననక్కర లేదు. ఆ సారు ఈడిదాక రాడు."

ఆయన ఈడిదాకా రావడం సంగతి అలా ఉంచితే, కాలేజీదాకా రావడమే గగనమైంది. అప్పుడు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా ఉంది. మేమూ ఊరేగింపుల్లో తిరిగినవాళ్ళమే, గొంతులు పోయేలా అరిచినవాళ్ళమే. చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలు రావాలంటే రాష్ట్రం రావాలన్నారు. రాష్ట్రం రావాలంటే బంద్‌లు కావాలన్నారు. బంద్ అంటే ముందు మూతపడేది కాలేజీయే. చదువు ఎప్పుడు పూర్తిచేసి చదువుకున్న పిల్లలమవ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వైవా వాయిదా పడింది, మళ్ళీ పడింది.

నాకేమో గడువు తరుముకొస్తోంది. గచ్చిబౌలి దగ్గరి పెద్ద యూనివర్సిటీలో ఎంఫిల్ సీటు వచ్చింది. ఆ వారం ముగిసేలోపు వైవా అయినట్టు కాగితం చూపించాలి. లేదంటే సీటు ఇంకొకరికి పోతుంది. ఇంకోపక్క, ఇన్నేళ్ళు "ఉంటుందండీ" అన్న ఇంజనీర్లలో ఒకాయన ఖర్మకాలి మాట నిలబెట్టుకున్నాడు. ఒక టవర్లో ఫ్రంటాఫీసులో నాకు ఉద్యోగం చూశాడు. "వైవా అయితే నీ ఇష్టం బిడ్డా. కాలేదా, ఒకటో తారీకు నుంచి గాడ కూసో" అని నాన్న తేల్చేశాడు.

చిక్కేమిటంటే, అమ్మ హౌస్‌కీపింగ్ చేసేది ఆ టవర్లోనే. అక్కడ నీలం కోటు వేసుకున్నవాళ్ళు వెనక లిఫ్టులో ఎక్కాలి. ముందు హాల్లో తుడుస్తున్నప్పుడు ఎవరితోనూ మాట్లాడకూడదు. నాన్న లేనప్పుడు అమ్మ నాతో ఒక్కటే అంది. "గాడ మాత్రం రాకు. నువ్వు కుర్చీల కూసుంటవు, నేను నీ కాళ్ళకాడ తుడుస్తుంట. ఎవరో అన్నట్టు పోవాలె. నాతోని కాదు." నాకూ ఆ మాటే గుండెలో దిగింది. నాకు ఎంఫిల్ కావాలి. నిజంగా, ప్రాణం పెట్టి కావాలి.

చివరికి వైవాలు మొదలైన రోజు నా వంతు ఆఖరు. నా ముందు అమ్మాయి వివాహ వ్యవస్థ మీద రాసింది. సార్‌కి ఆ వ్యవస్థ మీద చాలా అభిప్రాయాలుండటంతో సాయంత్రమైపోయింది. "మిగిలిన ఒక్కరినీ రేపు చూద్దాం" అన్నారు. ఆయన గేటు దాటకముందే మర్నాడు బంద్ అని కబురొచ్చింది.

ఆయన దిగింది పుప్పాలగూడలో కూతురి ఫ్లాట్‌లో. మర్నాటి రాత్రే ఆయనకు రైలు. మేడం ధైర్యం చేశారు. వైవా కాలేజీ ఆవరణలోనే జరగాలన్నది ఆమె నియమం. కారు అద్దానికి 'పరీక్షల డ్యూటీ' అని కాగితం అంటించి, మార్కుల షీట్లు బ్యాగులో పెట్టుకుని, నన్ను ఆ ఫ్లాట్ల గేటు దగ్గరికి వచ్చి ఉండమన్నారు. నేను మా ఇంటి నుంచి నడిచి వెళ్ళాను.

సార్ కారెక్కగానే నావైపు తిరిగారు. "బాలానగర్ నుంచి బంద్ రోజున ఎలా వచ్చావమ్మా?"

"నిన్ననే వచ్చి ఫ్రెండింట్లో ఉండిపోయిందండి" అన్నారు మేడం నేను నోరు తెరవకముందే.

"వెరీ గుడ్. సిన్సియారిటీ అంటే అదీ."

మా ఇంటి నుంచి పుప్పాలగూడ దాకా నడిస్తే చెమట కూడా సరిగ్గా పట్టదు. అయినా పెద్దల మెచ్చుకోలును కాదనడం మర్యాద కాదని తల వంచుకున్నాను.

పెద్దరోడ్డు మీద టైర్లు కాలుతున్న పొగ కనబడగానే మేడం స్టీరింగ్ తిప్పారు. "ఊళ్ళోంచి వెళ్ళిపోదామండి. ఊళ్ళల్లో ఏమీ ఉండదు."

ఊరంటే మా ఖాజాగూడే. నేను ముందుకు వంగాను. "వద్దు మేడం, ఊళ్ళో దారి ఇరుకు. మూల మీద ట్రాన్స్‌ఫార్మర్ కూడా అడ్డం."

"నీకెలా తెలుసు?" అన్నారు సార్.

"ఫీల్డ్‌వర్క్‌లో చూశాను సార్."

ఆయన మళ్ళీ "వెరీ గుడ్" అన్నారు. ఆ రెండో మెచ్చుకోలు పూర్తయ్యేలోగా ఖాజాగూడ చౌరస్తాలో కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పొయ్యిల మీద గంజులు. మా ఊరివాళ్ళు వంటా వార్పు పెట్టారు. రాష్ట్రం కావాలని నడిరోడ్డు మీద వండి, అక్కడే బంతులుగా కూర్చుని తిని, బండ్లు కదలకుండా చేసే నిరసన అది. వంకాయ కూర ఉడుకుతోంది. డప్పు మోగుతోంది. మా వెనక అప్పటికే కార్లు చేరి, వెనక్కి తిరిగే దారి కూడా పోయింది.

ఆ రోడ్డు మీద ఉన్న ప్రతి మనిషీ నాకు అత్తో, మామో, చిన్నమ్మో, బాపో. వాళ్ళ నడుమ, అద్దాల కార్లో, వాళ్ళతో ఎలాంటి పూర్వ సంబంధమూ లేని పరిశోధకురాలిగా నేను కూర్చుని ఉన్నాను.

ముందు మా పెద్దమ్మ చూసింది. అద్దం దగ్గరికొచ్చి, కళ్ళు చికిలించి, "ఓసీ! నువ్వేందే కార్ల..." అంటుండగా వెనక నుంచి ఒక చెయ్యి ఆమె కొంగు పట్టి లాగింది. అమ్మ. ఇంకో చేతిలో అన్నం కలిపే తెడ్డు ఉంది. అమ్మ నన్ను చూసింది. నా పక్కన కళ్ళద్దాల పెద్దమనిషిని చూసింది. నా ఒళ్ళో బైండింగు పుస్తకాన్ని చూసింది. ఎక్కడ 'బిడ్డా' అంటుందోనని నేను చీర చెంగు పిండేస్తున్నాను.

"ఎవలో పెద్దసార్లక్కా. నువ్వు మన పిల్లనుకున్నవు గావచ్చు. రా ఇటు, అన్నం అడుగంటుతది" అని పెద్దమ్మను ఈడ్చుకుపోయింది.

తర్వాత అమ్మ బంతుల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి చెవిలో వంగి ఏదో చెప్పడం కార్లోంచి చూశాను. బోనాలు ఏ ఆదివారం చేయాలన్న దాని మీద నెల రోజులు కొట్టుకునే మా ఊరు, గంజు దించేలోగా నేనెవరో తమకు తెలియదని ఏకగ్రీవంగా తీర్మానించేసింది. కారు ముందు నుంచి పోయే ప్రతివాడూ నా ముఖం మీద నుంచి చూపు జాగ్రత్తగా దాటించుకుని పోయాడు. ఇంత క్రమశిక్షణ ఊరేగింపుల్లో కూడా నేను చూడలేదు.

ఒంటిగంట దాటింది. సార్‌కి చెమటలు పట్టాయి, చేతులు వణకసాగాయి. మేడం బ్యాగంతా దులిపితే దగ్గు బిళ్ళ ఒకటి దొరికింది. హోటళ్ళన్నీ మూసే ఉన్నాయి. అమ్మే వచ్చి అద్దం మీద కొట్టింది.

"సారూ, మొకం వాడిపోయింది. దిగి రాండ్రి, గీడ అందరికీ అన్నమే."

సార్ మేడం వైపు చూశారు. "మనం తింటే వీళ్ళకి మద్దతిచ్చినట్టవుతుందేమోనండీ?"

"ముందు మీరు పడిపోకుండా ఉండాలి కదండీ" అన్నారు మేడం.

ఆయన దిగారు. సమైక్యత సంగతి కారులోనే వదిలేసి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాక్కుని, తారు మీద బాసింపట్టు వేశారు. ఒక టీవీ కెమెరా ఇటు తిరగ్గానే విస్తరాకు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. కెమెరా పోయాక బగారన్నం రెండోసారి అడిగారు. షుగరు నియమానికి ఆ పూట సెలవిచ్చినట్టున్నారు. ఆయన పక్కన మేడం, ఆమె పక్కన నేను.

అమ్మ వడ్డిస్తూ వచ్చింది. ఇంట్లో అయితే అడుగున ఎర్రగా కాలిన అన్నం ముద్ద నాదే. ఆ రోజు దాన్ని తవ్వి తీసి సార్ ఆకులో వేసింది. నా ముందు వంగి, "మేడం, జర పచ్చిపులుసు పొయ్యమంటరా?" అంది.

"పొయ్యండి" అన్నాను. అమ్మను నేను 'అండి' అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. గరిటె పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి, తర్వాత పోసి ముందుకు కదిలింది. టవర్లో ఏ రోజు రాకూడదని అమ్మ భయపడిందో, ఆ రోజు మా వాకిలి ముందే వచ్చింది.

తిన్నాక సార్‌కి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు ప్రొఫెసర్ కూడా లేచొచ్చాడు. "ఎలాగూ మనం కదలం. ఇది ఈ అమ్మాయి ఫీల్డే కదా, ఇక్కడే అడిగేస్తాను" అన్నారు. కాలేజీ ఆవరణ అంటూ మేడం ఏదో అనబోయి, రైలు గుర్తొచ్చి ఊరుకున్నారు. చుట్టూ మా వాళ్ళు పని ఉన్నట్టు నటిస్తూ చేరారు. డప్పు కొట్టేవాళ్ళు కూడా ఆపారు. గ్రామాన్ని నిర్వచించమన్నారు సార్. స్వయం సమృద్ధి కలిగిన చిన్న సమాజమని మా గ్రామం మధ్యలో నిలబడి చెప్పాను. ఉమ్మడి కుటుంబం అడిగారు, చెప్పాను. వలస అడిగారు, చెప్పాను. తర్వాత పుస్తకం మధ్యలో తెరిచి వేలు పెట్టారు.

"ఏ ఇంట్లో వదినా మరదలూ ఎందుకు మాట్లాడుకోరో కూడా రాశావు. బయటి మనిషికి ఇంత తెలియడం నాకు అనుమానంగా ఉంది. నీకీ ఊళ్ళో చుట్టాలున్నారా?"

వల్లెవేసిన వాక్యం మొత్తం అప్పజెప్పాను. ఆయన నన్ను నమ్మినట్టు కనబడలేదు. ఎంగిలాకులు తీస్తున్న అమ్మవైపు తిరిగారు. రోడ్డు మీద అంతమంది ఉండగా ఆయనకు ఆమే దొరికింది.

"ఏమ్మా, ఈ అమ్మాయిని నువ్వు ఎరుగుదువా?"

అమ్మ నడుం ఎత్తి నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. నిజంగా ఎవరినో పోల్చుకుంటున్నట్టే చూసింది.

"ఎరుకలేదు సారూ. రాసుకునేతందుకు ఎప్పుడన్న వచ్చింది గావచ్చు. శానమంది వస్తరు, అందరి మొకాలు యాదుంటయా?"

"మీ ఇంట్లోకి వచ్చిందా?"

"లోపటికి ఎవలూ రాలే. గీ పిల్ల గూడ గడప అవుతలనే నిలవడ్డదేమో." అని, ఆకుల మీదికి వంగుతూ ఇంకో మాట అంది. "ఎవలు కన్న బిడ్డనో సారూ, మంచిగ సదువుకుంటున్నట్టుంది. జర పాస్ చెయ్యిండ్రి."

సార్ ముఖం వెలిగిపోయింది. "చూశారా మేడం? ఇంత సమాచారం తీసుకుంది, అయినా సబ్జెక్టుకి ఈ అమ్మాయి ముఖం కూడా గుర్తులేదు. ఆబ్జెక్టివిటీ అంటే ఇది. మా వాళ్ళకి ఉదాహరణగా చెప్తాను." కారు బానెట్ మీద షీటు పెట్టుకుని సంతకం చేశారు. ఆ ఏడాది డిపార్ట్‌మెంటులో ఎక్కువ మార్కులు నావే. కన్నతల్లి నన్ను ఎరగనందుకు వేసిన మార్కులవి.

పొద్దు వాలేవేళకు పొయ్యిలు తీశారు. అన్నం తిన్న సారు కదా అని మావాళ్ళే ముందు ఆ కారుకు దారిచ్చారు. నేను ఫ్రెండింటికి వెళ్తానని అక్కడే ఆగిపోయాను. కారు మలుపు తిరిగాక కూడా మా వాళ్ళెవరూ నన్ను పలకరించలేదు. ఇచ్చిన మాట మీద అంత గట్టిగా ఉన్నారు.

అమ్మ రోడ్డు పక్కన కూర్చుని అన్నం గంజు తోముతోంది. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తలెత్తలేదు.

"సారు పోయిండా?"

"పోయిండమ్మా."

"సంతకం?"

"పెట్టిండు."

"మల్లొస్తడా?"

"రాడు. ఇగ రాడు."

కారు వెళ్ళినవైపు ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అయితే ఇగ నిన్ను బిడ్డా అనొచ్చా?"

వేళాకోళానికి అడగలేదు. పథ్యం ఎప్పుడు విడవాలో డాక్టర్ని అడిగినట్టు, తెలుసుకోవడానికే అడిగింది. గంజు పక్కన, తారు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ కంగారుపడి, చేతుల మసి నా చీరకు అంటకుండా మోచేతులతో నన్ను దగ్గరికి లాక్కుని, మళ్ళీ అడిగింది.

"ఏడుస్తవేందే? చెప్పు, అనొచ్చా వద్దా?"